ప్రిన్సిపాల్ తనను తాను కొలుచుకోవడం ఎలా?

తోటి ప్రిన్సిపాళ్లందరికీ నమస్కారం.

స్వీయ మూల్యాంకనం అనగానే మన చేతికి ఒక ఫారం వస్తుంది. "టీచర్లకు నేను అందుబాటులో ఉంటాను" అన్న వాక్యం పక్కన ఐదుకు నాలుగో, ఐదో వేసుకుంటాం. అబద్ధం చెప్పాలని కాదు, అలా ఉన్నామని నిజంగానే నమ్ముతాం. చిక్కంతా అక్కడే. మన ఉద్దేశం మనకు తెలుసు, టీచర్లకు తెలిసేది మాత్రం మనం నడుచుకునే తీరే.

అందుకే ఫారం కంటే ముందు డైరీ తీయమంటాను. రెండు వారాల పాటు అరగంటకోసారి ఏం చేస్తున్నారో ఒక్క ముక్క రాసుకోండి. అమెరికాలోని మయామీ-డేడ్‌లో పరిశోధకులు ప్రిన్సిపాళ్ల వెంట రోజంతా ఉండి ఇదే లెక్క తీశారు. ఆ అధ్యయనం 2013లో వెలువడింది. బోధనకు సంబంధించిన పనులకు దక్కింది సుమారు 13 శాతం సమయమే. అందులోనూ తరగతుల్లోకి అలా తొంగి చూసి రావడానికే అన్నిటికంటే ఎక్కువ పోయింది. టీచర్‌తో కూర్చుని పాఠం గురించి మాట్లాడి, సాయపడటానికి సమయం పెట్టిన చోట పిల్లల ఫలితాలు మెరుగ్గా కనిపించాయి. తొంగి చూడటం ఎక్కువైన చోట, ముఖ్యంగా హైస్కూళ్లలో, అలా కనిపించలేదు. రౌండ్‌కి వెళ్లొచ్చాం కదా అని సంతృప్తి పడే మనందరికీ ఇది ఆలోచించాల్సిన విషయం. చూసొచ్చాక ఆ టీచర్‌తో ఏం మాట్లాడామన్నదే అసలు ప్రశ్న.

డైరీ తర్వాత టీచర్ల దగ్గరికి వెళ్లాలి. వాల్-ఎడ్ అని ఒక మూల్యాంకన సాధనం ఉంది, 72 అంశాలు. ప్రిన్సిపాల్, పై అధికారి, టీచర్లు అందరూ అవే అంశాలకు మార్కులు వేస్తారు. వేసే ముందు ఏ ఆధారంతో వేస్తున్నారో చెప్పాలి. ఈ ఆధారం అడగడం నాకు చాలా నచ్చింది, ఇష్టాయిష్టాలను అది కొంతైనా పక్కకు నెడుతుంది. మనకు 72 అక్కర్లేదు, ఎనిమిది చాలు. పేర్లు వద్దు. చిన్న స్కూళ్లలో చేతిరాత చూస్తే ఎవరో తెలిసిపోతుంది, కాబట్టి కాగితాలు వేరొకరు తీసుకుని మొత్తం లెక్క మాత్రమే మీకివ్వాలి. మీ మార్కుకీ వాళ్ల మార్కుకీ ఎక్కడ తేడా ఎక్కువుందో, పని అక్కడ మొదలుపెట్టండి. వచ్చిన ఫలితాన్ని స్టాఫ్ మీటింగ్‌లో చదివి, ఏం మార్చుకోబోతున్నారో చెప్పండి. అడిగి ఊరుకుంటే మరుసటి ఏడాది ఎవరూ నిజం రాయరు.

ఇక ఎదగడం గురించి. విద్యా పరిశోధకురాలు వివియన్ రాబిన్సన్ బృందం 2008లో అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, పిల్లల చదువుపై అన్నిటికంటే ఎక్కువ ప్రభావం కనిపించింది ఒక్క అంశంలో: టీచర్లు నేర్చుకునే చోట ప్రిన్సిపాల్ కూడా కూర్చుని నేర్చుకోవడం. శిక్షణ కార్యక్రమాన్ని ప్రారంభించి ఆఫీసుకి వెళ్లిపోవడం మనకు అలవాటు. ఈసారి చివరిదాకా ఉండండి. అర్థం కానిది టీచర్ల ముందే అడగండి. మరో స్కూల్ ప్రిన్సిపాల్‌తో మాట్లాడుకుని, నెలకో రోజు ఒకరి స్టాఫ్ మీటింగ్‌లో ఒకరు కూర్చుని చూసింది చెప్పుకోండి. ఆ జతలను ఇవాళ భోజన విరామంలోనే ఖాయం చేసుకుందాం.