నాలుగో మనిషి కావాలి

శ్రోతలకు నమస్కారం. పర్లాకిమిడి నుంచి వచ్చాను, కాసేపు కార్డుల గురించి మాట్లాడాలని. పిల్లలు పోగేసుకునే కార్డులు, ఒకరికొకరు మార్చుకునే కార్డులు, మీ ఇంట్లో కూడా ఏ సొరుగులోనో ఏ పాత పెన్సిల్ బాక్సులోనో పడి ఉండే ఉంటాయి.

పోయిన వేసవిలో మా అబ్బాయి, తొమ్మిదేళ్లవాడు, సంక్రాంతికి వచ్చిన డబ్బులు దాచుకుని దాచుకుని బజారులో ఒక ఫ్యాన్సీ షాపులో పోకెమాన్ కార్డుల ప్యాకెట్టు కొనుక్కొచ్చాడు. పోకెమాన్ అంటే జపాన్ వాళ్ల కార్టూన్ జీవాలు, కార్డుల మీద వాటి బొమ్మలుంటాయి. అన్నీ బంగారు రంగు, ఎండలో పెడితే కళ్లు చెదిరేంత మెరుపు. "నాన్నా, నేను పెద్దయ్యాక ఇవి లక్షలకి అమ్ముకోవచ్చంట, వీడియోలో చెప్పారు" అన్నాడు. నేను చేతిలోకి తీసుకుని చూశాను, ప్లాస్టిక్ రేకులా ఉన్నాయి, అక్షరాల్లో తప్పులున్నాయి. అవి నకిలీవి. చెప్పాలా వద్దా అని ఆ పూటంతా కొట్టుకులాడి రాత్రి భోజనాల దగ్గర చెప్పేశాను, ఎందుకంటే రేపు బడిలో ఇంకో పిల్లాడు నలుగురిలో చెప్తే వాడి మనసు ఇంకా ఎక్కువ నొచ్చుకుంటుంది. చాలాసేపు ఏడ్చాడు. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, "అయితే నీ దగ్గర నిజమైనవి ఏమున్నాయి?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకి జవాబుగా అటక మీంచి రెండు పెట్టెలు దించాను. ఒకటి నా బిస్కెట్ల డబ్బా. రెండోది మా తాతయ్య చెక్కపెట్టె.

నా డబ్బాలో ఉన్నవి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే అమెరికా కుస్తీ పోటీల ట్రంప్ కార్డులు. తొంభైల్లో బడికెళ్లినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కార్డు మీద కుస్తీవీరుడి ఫోటో, కింద ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, ఎన్ని ఫైట్లు ఆడాడు, ఎన్ని గెలిచాడు. కొండంత మనిషి యొకొజూనా కార్డు చేతికొస్తే ఇంక బరువు తప్ప వేరేదేదీ అడగం. మా పక్క ఒక విశేషం ఉంది. 1936లో ఒరిస్సా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీను రెండు ముక్కలైంది, ఊరు ఇటు, జమీనులో చాలా భాగం అటు. పాతపట్నం ఆంధ్రలో, మేము ఒడిశాలో, మధ్య దూరం చూస్తే సైకిల్ తొక్కితే వచ్చేసేంత. పాతపట్నం కుర్రాళ్లు ఆదివారం మా వీధికి వచ్చేవాళ్లు, వాళ్ల దగ్గర మా షాపుల్లో దొరకని కార్డులుండేవి. మా జట్టులో ఒడియా పిల్లలు, సవర పిల్లలు, తెలుగువాళ్లం అందరం కలిసే ఉండేవాళ్లం కాబట్టి బేరం ఒడియాలో మొదలై, గొడవ తెలుగులో జరిగి, రాజీ రెండిట్లో అయ్యేది. అండర్‌టేకర్ కార్డు కోసం నేను నాలుగు కార్డులిచ్చాను ఒకసారి. ఆ నాలుగూ ఏవో గుర్తు లేదు, ఇచ్చినవాడి మొహం మాత్రం ఈ రోజుకీ గుర్తుంది.

ఇప్పుడు ధరల సంగతి, మా వాడికి వీడియోలో చెప్పింది పూర్తిగా అబద్ధమేమీ కాదు కాబట్టి. అమెరికాలో టాప్స్ అనే కంపెనీ 1952లో వేసిన మిక్కీ మాంటిల్ అనే బేస్‌బాల్ ఆటగాడి కార్డు ఒకటి 2022 ఆగస్టులో వేలంలో 1 కోటి 26 లక్షల డాలర్లకి పోయింది. అప్పటి లెక్కలో మన డబ్బుల్లో సుమారు వంద కోట్లు. కానీ అదే 1952 కార్డుల్లో అమ్ముడుపోనివి పెట్టెలకి పెట్టెలు గోడౌన్లో పేరుకుపోతే, 1960 ప్రాంతంలో వాటిని పడవలో తీసుకెళ్లి సముద్రంలో పారేయించానని ఆ కార్డుల్ని తయారుచేసిన సై బెర్గర్ అనే ఆయనే తర్వాత చెప్పాడు. అవి ఎవరికీ అక్కర్లేని రోజు ఒకటుంది, అంతే. మిగిలినవి పిల్లలు సైకిల్ చక్రాల పుల్లల మధ్య పెట్టి టపటపమని శబ్దం చేయించుకున్నారు, అమ్మలు ఇల్లు సర్దుతూ చెత్తలో వేశారు. ఎక్కడో కొన్ని నలక్కుండా మిగిలాయి. అప్పుడు పదేళ్లున్న పిల్లలు నలభైల్లోకి వచ్చి, చేతిలో నాలుగు డబ్బులు ఆడాక, "నాకు దొరకని ఆ కార్డు" కోసం వెతకడం మొదలుపెట్టారు. ధర అక్కడ పుట్టింది.

పోకెమాన్‌ది కూడా ఇదే దారి. ఆ కార్డుల ఆట జపాన్లో 1996లో వచ్చింది, అమెరికాకి 1999లో. అప్పటి పిల్లలు ముప్పైల్లో పడే వేళకి కరోనా వచ్చింది, అందరూ ఇళ్లలో కూర్చున్నారు, పాత పెట్టెలు తెరిచారు, ధరలు ఆకాశానికి వెళ్లాయి. జపాన్లో 1997–98లో బొమ్మలు గీసే పోటీల్లో గెలిచినవాళ్లకి బహుమతిగా ఇచ్చిన కార్డొకటి 2021లో 52 లక్షల 75 వేల డాలర్లకి చేతులు మారింది.

దీనికి రెండో పక్క కూడా వినండి, ఇది నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. పాత కార్డులకి డబ్బొస్తోందని తెలిశాక ఎనభైల చివర్లో, తొంభైల మొదట్లో అమెరికాలో పెద్దవాళ్లు బేస్‌బాల్ కార్డులు పెట్టెలకి పెట్టెలు కొని సీలు తీయకుండా దాచారు. కంపెనీలు కూడా అడ్డూ అదుపూ లేకుండా అచ్చు వేశాయి. ఎవరూ పారేయలేదు, ఎవరూ నలపలేదు, అందరి దగ్గరా కొత్తవాటిలాగే ఉన్నాయి. ఫలితం, వాటిలో చాలావాటికి ఈ రోజు కొన్న ధర కూడా రాదు. పోకెమాన్ కంపెనీ లెక్క ప్రకారం 2024 మార్చి నాటికి వాళ్లు అచ్చు వేసిన కార్డులు 6,480 కోట్లు. కాబట్టి పిల్లాడి చదువుకి పనికొస్తుందని ఎవరైనా సీలు ప్యాకెట్లు కొని బీరువాలో పెడుతుంటే నేను వద్దంటాను. ఆ డబ్బు పోస్టాఫీసులో వేయండి. కార్డు పిల్లాడి చేతికివ్వండి.

కార్డు తరం దాటాలంటే ఎవరో ఒకరు దాన్ని పదేళ్ల వయసులో ముట్టుకుని, ఆడి, ఓడి, మార్చుకుని ఉండాలి. పదేళ్లప్పుడు ముట్టుకోని వస్తువు మీద నలభైలో బెంగ పుట్టదు. అందుకే రేపటి సంగతి అడిగితే నేను వేలంపాటల వైపు చూడను, ఇవాళ సాయంత్రం మీ వీధి అరుగు మీద పిల్లలు ఏం చేస్తున్నారో చూస్తాను.

ఫోన్లో కూడా వచ్చేశాయి కదా అంటారు. నిజమే, 2024 అక్టోబరు చివర్లో పోకెమాన్ వాళ్లే ఫోన్లో ప్యాకెట్లు తెరిచే ఆట తెచ్చారు. విశాఖలో ఉన్న మా చెల్లెలి కొడుకు రోజుకి రెండు ప్యాకెట్లు తెరుస్తాడు, ఏ కార్డులో ఏముందో నోటికి చెప్తాడు, వాడి ఇష్టాన్ని నేను తక్కువ చేయను. కాకపోతే ఆ కార్డులున్నది కంపెనీ కంప్యూటర్లలో, వాళ్లు ఆపేసిన రోజున పోతాయి. వాడి కొడుకు అటక ఎక్కి డబ్బా దించడం అనేది జరగదు.

ఇంక మా తాతయ్య పెట్టె. ఇందులో ఉన్నది గంజప. ఒడిశాలో గుండ్రటి పేకముక్కల్ని గంజప అంటారు, పూరీ దగ్గర రఘురాజ్‌పూర్‌లోనూ, మా పర్లాకిమిడిలోనూ, ఇంకా కొన్ని చోట్లా చిత్రకారుల కుటుంబాలు చేతితో చేసేవాళ్లు. పాత గుడ్డని చింతగింజల జిగురుతో పొరలు పొరలుగా అంటించి, సుద్దపొడి పూసి, ఎండబెట్టి, గుండ్రంగా కత్తిరించి, మీద పటచిత్రాల్లోలాంటి బొమ్మలు వేస్తారు. మామూలు జత 96 ముక్కలు, ఎనిమిది రంగులు, ఒక్కో రంగులో 12, అంటే ఒకటి నుంచి పది వరకు అంకెలు, పైన మంత్రి, రాజు. దశావతారాల జతైతే 120. ఈ ఆట మొగలాయీల కాలంలో పెద్ద పేరున్న గంజీఫా అనే పేకాటకి చుట్టం. 1527లో బాబరు సింధులో ఉన్న తన స్నేహితుడికి గంజీఫా ముక్కలు పంపించానని తన దినచర్యలో రాసుకున్నాడు. ఒక రాజు ఇంకొకరికి కార్డులు పంపిన ఆ మాట చదివినప్పుడల్లా నాకు పాతపట్నం కుర్రాళ్లు గుర్తొస్తారు. మన నిర్మల్లోనూ గంజీఫా చేసేవాళ్లు, మహారాష్ట్రలో సావంత్‌వాడిలో ఇప్పటికీ చేస్తున్నారు.

తాతయ్య జతలో అసలు ముక్కలు 93 ఉన్నాయి. మూడు ఎప్పుడో పోయాయి. వాటి బదులు మా నాన్న పెళ్లి శుభలేఖల అట్టని గుండ్రంగా కత్తిరించి, ఇంకుతో బొమ్మలు వేసి, లెక్క సరిచేశాడు. ఇప్పుడు అమెరికాలో కార్డుల్ని చూసి ఒకటి నుంచి పది వరకు మార్కులు వేసే సంస్థలున్నాయి, 1991లో మొదలైన పీఎస్‌ఏ అందులో పేరున్నది. మూల కొంచెం అరిగినా, బొమ్మ కొంచెం పక్కకి జరిగినా మార్కు తగ్గుతుంది. వాళ్ల లెక్కలో మా నాన్న గీసిన మూడు ముక్కలకి సున్నా కూడా రాదు. మా ఇంట్లో ఆ మూడే ముందు బయటకి తీస్తాం. మా నాన్న బొమ్మలు గీసేవాడని మా వాడికి తెలిసింది వాటివల్లే, ఆయన పోయాక పుట్టాడు వాడు.

అయితే నన్ను బాధపెట్టే సంగతి ఒకటుంది. గంజప ముక్కల్ని ఇప్పుడు కొనేవాళ్లున్నారు, ఫ్రేము కట్టించి గోడకి పెట్టుకుంటున్నారు, ఆడేవాళ్లు మాత్రం తగ్గిపోయారు. ఆట తెలిసినవాళ్లు పోతే ముక్క ఉత్త బొమ్మ అయిపోతుంది. పోకెమాన్ కార్డుల్ని కూడా పెద్దవాళ్లు ప్లాస్టిక్ పలకల్లో బిగించి అరలో పెట్టడం చూస్తుంటే, అవి కూడా అదే దారి పడుతున్నాయేమో అని భయం. ఎంత అందంగా ఉన్నా సరే, కార్డుకి ఎదురుగా ఇంకో మనిషి కూర్చోవాలి.

కాస్త పనికొచ్చే ముక్క కూడా చెప్తాను, ఎందుకంటే మా వాడిలాగా మీ పిల్లలు ఏడవకూడదు. బంగారు రేకులా మెరిసిపోతూ చవగ్గా దొరికే పోకెమాన్ ప్యాకెట్లు చాలావరకు నకిలీవే. అసలు కార్డు అట్టతో చేసింది, మధ్యలో సన్నటి నల్లటి పొర ఉంటుంది, అందుకే దీపానికి అడ్డంపెడితే వెలుగు అంతగా అవతలికి రాదు. కార్డులకి రబ్బరు బ్యాండు వేయొద్దు, నా ట్రంప్ కార్డుల అంచులన్నీ అలాగే పాడయ్యాయి. వానాకాలంలో మన పక్క తేమ ఎక్కువ, కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా పొట్లాలు డబ్బాలో వేస్తే ముక్కలు వంకర్లు పోవు. ఇంకోటి, ఏ కార్డు ఎవరి దగ్గర, ఏ సంవత్సరం తీసుకున్నారో చిన్న చీటీ మీద రాసి డబ్బాలో పెట్టండి. మా తాతయ్య రాయలేదు. ఆ 93 ముక్కలు చేసిన చేయి ఎవరిదో నాకు తెలిసే దారి లేదు.

ఆ నకిలీ కార్డులు ఏమయ్యాయంటే, మా వాడు పారేయలేదు. "అమ్మడానికి పనికిరాకపోతే ఏం, ఆడుకోవచ్చు కదా" అని వీధిలో వాటితోనే ఆడుతున్నాడు, కొన్ని ఇప్పటికే చేతులు మారాయి. నా ట్రంప్ కార్డులు కూడా అడిగి తీసుకున్నాడు. మనసు ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది, అండర్‌టేకర్‌తో సహా ఇచ్చేశాను.

గంజప నేర్చుకుంటానన్నాడు. మా వీధి చివర ఎనభై దాటిన మాస్టారు ఒకరికి ఆట వచ్చు. వేసవి నుంచి ఆదివారాలు ఆయన దగ్గర కూర్చుంటున్నాం. గుడ్డ పరిచి, ముక్కల్ని బోర్లించి, పేకలాగా కాకుండా అరచేత్తో గుండ్రంగా తిప్పి కలపాలి. కొన్ని రంగుల్లో అంకెల్లో పది పెద్దది, కొన్నిట్లో ఒకటి పెద్దది, నేను ఇంకా తడబడుతున్నాను, మా వాడు తడబడటం మానేశాడు. ఆయన నేర్పే ఆటకి నలుగురు కావాలి, మేము ముగ్గురమే ఉన్నాం. నాలుగో చేతి ముక్కలు మాస్టారే వేస్తున్నారు, తన ముక్కలూ ఆ ముక్కలూ రెండూ చూస్తూ ఆడటం ఆయనకి నచ్చడం లేదు. పర్లాకిమిడిలో గానీ, పాతపట్నం, గుణుపురం, కాశీనగర్ వైపు గానీ గంజప వచ్చినవాళ్లు, రాకపోయినా నేర్చుకుందామనుకునేవాళ్లు ఉంటే రండి. ఆదివారం నాలుగింటికి గుడ్డ పరుస్తాం.