తొలకరికే విత్తనం పెడితే

అందరికీ నమస్తే. ఆదివారం పూట ఇంత ఎండలో నల్లగొండ దాకా వచ్చారు, దేవరకొండ, జడ్చర్ల నుంచి బస్సెక్కి వచ్చిన తమ్ముళ్ళు కూడా ఉన్నారు, కాబట్టి మొదలే ఒక మాట చెప్పేస్తా. రేపు ఏ షేరు కొనాలో నేను చెప్పను. నాకు తెలియదు. తెలుసని పైసలు తీసుకొని చెప్పాలంటే స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి, అదీ నాకు లేదు.

నేను మాట్లాడేది ఇంట్రాడేలో, అంటే కొన్న షేరును అదే రోజు అమ్మేసే పనిలో, బాగా నడిచిన పద్ధతి ఉన్నట్టుండి ఎందుకు మొరాయిస్తుంది, అప్పుడు దేన్ని మార్చాలి, దేన్ని ముట్టుకోకూడదు అన్న సంగతి.

నా పద్ధతి మీలో చాలామందికి తెలిసిందే. 9:15కి మార్కెట్ మొదలయ్యాక మొదటి పదిహేను నిమిషాల్లో షేరు ఎంత పైకి పోయిందో, ఎంత కిందికి వచ్చిందో రెండు గీతలు గీస్తా. పై గీత దాటితే కొంటా, కింది గీత దగ్గర స్టాప్ లాస్, అంటే ధర అక్కడికి పడితే నష్టానికే అమ్మేసి బయటపడే ఆర్డర్. లాక్‌డౌన్‌లో ఫోన్ చూసి నేర్చుకున్నా. 2020 మార్చిలో నిఫ్టీ, అంటే యాభై పెద్ద కంపెనీల షేర్ల సూచీ, 7,500 దాకా పడింది, 2021 అక్టోబర్‌కు 18,600 చేరింది, ఆ ఏడాదిన్నరలో కళ్ళు మూసుకొని కొన్నవాడికీ లాభం వచ్చింది, నేనేమో అదంతా నా తెలివే అనుకొని మా అన్న ఎరువుల షాపులో లెక్కలు రాసే పని మానేశా.

2022లో ఆట తిరగబడింది. నిఫ్టీ జూన్‌లో 15,200 దాకా దిగింది, మళ్ళీ ఎక్కింది, మధ్యలో నెలలకు నెలలు అటూ ఇటూ ఊగింది. పొద్దున గీత దాటేది, నేను కొనేవాణ్ణి, పదకొండింటికల్లా వెనక్కి వచ్చి స్టాప్ లాస్ తగిలేది, నేను బయటికి రాగానే మళ్ళీ పైకి పోయేది. నాలుగు నెలల్లో లక్షా పదివేలు పోయాయి. అంతకన్నా పెద్ద తప్పు ఏంటంటే, నష్టం వచ్చిన ప్రతిసారీ పద్ధతి మార్చా. సోమవారం సూపర్‌ట్రెండ్, బుధవారం ఆర్‌ఎస్‌ఐ అని చార్టు మీద వేరే వేరే కొలతలు, శుక్రవారానికి ఎవడో పంపిన టెలిగ్రామ్ టిప్. చివరికి ఏది పనిచేసింది, ఏది చేయలేదు అన్న లెక్క కూడా మిగల్లేదు.

మళ్ళీ షాపులో కూర్చున్నా. జూన్ నెల. ఒక పెద్దాయన రెండోసారి పత్తి విత్తనాల ప్యాకెట్ల కోసం వచ్చాడు, మొదటివి మొలవలేదు. మా అన్న, "పదును చూస్కోలేదా కాకా?" అన్నాడు. "మొగులైంది గదా అని పెట్టిన బిడ్డా" అన్నాడాయన. నాకు చురుక్కుమంది. నేను చేస్తున్నదీ అదే కదా! నాలుగు చినుకులు పడగానే విత్తనం పెడుతున్నా, మట్టి తవ్వి లోపలిదాకా తడి దిగిందా లేదా చూడట్లేదు. విత్తనం తప్పు కాదు, పెట్టిన అదను తప్పు.

మరి మార్కెట్లో పదును ఎట్లా చూస్తారు? నేను చూసేది ముఖ్యంగా ఒక్కటే, షేరు రోజుకు సగటున పైకీ కిందికీ ఎంత తిరుగుతోంది అని. చార్టులో ఏటీఆర్ అనే కొలత పెడితే 14 రోజుల సగటు చూపిస్తుంది. 500 రూపాయల షేరు, రోజుకు 10 రూపాయలు తిరుగుతోంది అనుకోండి. పొద్దున 9:30కే 8 రూపాయలు తిరిగేస్తే ఇక పై గీత దాటినా అందులో నాకు మిగిలేది ఎంత? ఆ రోజు వదిలేస్తా. అదే మొదటి పదిహేను నిమిషాలు రెండు మూడు రూపాయల్లో ముడుచుకొని, తర్వాత మంచి వాల్యూమ్‌తో, అంటే ఎక్కువ షేర్లు చేతులు మారుతూ, గీత దాటితే అప్పుడు పెడతా. అది కూడా ఫెయిలవుతుంది, కాకపోతే తక్కువసార్లు.

ఇప్పుడు క్వాంటిటీ, అసలు మార్చాల్సింది ఇదే. ఒక ట్రేడ్‌లో 1,000 రూపాయలకు మించి పోకూడదు అనుకున్నా. షేరు 10 రూపాయలు తిరిగే రోజుల్లో 5 రూపాయల స్టాప్ లాస్, అంటే 200 షేర్లు. అదే షేరు 20 రూపాయలు తిరగడం మొదలుపెడితే 5 రూపాయల స్టాప్ లాస్ ఊరికే తగులుతుంది, దాన్ని 10 చేయాలి, షేర్లు 100కు తగ్గించాలి. మనవాళ్ళు ఏం చేస్తారంటే స్టాప్ లాస్ పెంచుతారు, షేర్లు మాత్రం 200 అట్లనే ఉంచుతారు, లేదా అసలు స్టాప్ లాసే తీసేసి దేవుడికి దండం పెడతారు.

కొన్ని రోజులకు ఈ లెక్క కూడా సరిపోదు. 2024 జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ చూసి నిఫ్టీ 3 శాతానికి పైగా పెరిగింది, మర్నాడు ఎన్నికల ఫలితాల రోజు దాదాపు 6 శాతం పడింది. అట్లాంటప్పుడు ఇంతకంటే తక్కువకు అమ్మొద్దు అని లిమిట్ పెట్టిన స్టాప్ లాస్ ఆర్డర్‌ను ధర దాటి పోతే ఆర్డర్ అక్కడే వేలాడుతుంది, మీరు నష్టంలో ఇరుక్కుంటారు. ఫలితాలు, బడ్జెట్, ఆర్‌బీఐ పాలసీ ఉన్న పొద్దున నేను చాయ్ తాగుతా. ముందురోజు మార్కెట్ భయాన్ని కొలిచే ఇండియా విక్స్ బాగా ఎగిరిందంటే కూడా అంతే.

ఖర్చు సంగతి. 500 రూపాయల షేర్లు 200 కొని అదే రోజు అమ్మితే బ్రోకరేజ్ రెండు వైపులా 20 చొప్పున 40, అమ్మకం మీద ఎస్‌టీటీ అనే పన్ను 25, మిగతా చార్జీలు, జీఎస్‌టీ కలిపి సుమారు 80 రూపాయలు. రోజుకు ఐదు ట్రేడ్లు, నెలకు ఇరవై రోజులు అంటే 8,000. ఐదు రెట్ల మార్జిన్‌తో, అంటే బ్రోకర్ ఇచ్చే అరువుతో, ఆ లక్ష రూపాయల షేర్లు కొనేవాడి సొంత డబ్బు అక్కడ 20,000! షేర్ల ఇంట్రాడేలో 2022-23లో పదిమందిలో ఏడుగురు నష్టపోయారని సెబీ చెప్పింది, ఏడాదికి 500 ట్రేడ్లు దాటినవాళ్ళలో అది 80 శాతం. మార్కెట్ ఊగుతున్నప్పుడు ట్రేడ్లు తగ్గించాలి, మనకేమో పోయింది రాబట్టుకోవాలని చెయ్యి దురద పెడుతుంది.

ఒక్కోసారి మారేది మార్కెట్ కాదు, రూల్. దేవరకొండ తమ్ముడొకడు బ్యాంక్ నిఫ్టీ వీక్లీ ఆప్షన్స్ మీదే, అంటే బ్యాంకు షేర్ల సూచీ మీద వారం గడువుతో వేసే పందేల మీదే బతికాడు, అవి ముగిసే బుధవారం ఎక్స్‌పైరీ వాడికి సంత రోజు లాంటిది. 2024 నవంబర్‌లో ఆ వీక్లీలు ఆగిపోయాయి, నిఫ్టీ ఆప్షన్స్‌లో ఒకసారికి కనీసం కొనాల్సిన లాట్ 25 నుంచి 75 అయింది. తర్వాతి ఏడాది సెప్టెంబర్‌లో నిఫ్టీ ఎక్స్‌పైరీ గురువారం నుంచి మంగళవారానికి మారింది. వాడు అదే పద్ధతిని నిఫ్టీలో మూడింతల లాట్‌తో నడిపాడు. రెండు నెలలే నిలబడ్డాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, బాగానే ఉన్నాడు.

నేనిప్పుడు పద్ధతిని ఆదివారం తప్ప ముట్టుకోను. పదకొండు గంటలకు, స్క్రీన్ ఎర్రగా ఉన్నప్పుడు అసలే ముట్టుకోను. నోట్‌బుక్‌లో ప్రతి ట్రేడ్ పక్కన ఆ రోజు ఎట్లాంటిది అని ఒక్క అక్షరం రాస్తా, ఒకవైపు సాగిన రోజు 'సా', ఊగిన రోజు 'ఊ', భయపెట్టిన రోజు 'భ'. ముప్పై ట్రేడ్లు అయ్యాక విడదీసి కూడితే నా నష్టంలో ముప్పాతిక వంతు 'ఊ' రోజులదే అని తేలింది. పద్ధతి పారేయలేదు. ఆ రోజుల్లో ఒక స్టాప్ లాస్ తగిలితే లాప్‌టాప్ మూసేసి షాపుకు పోతున్నా, మా అన్న కూడా సంతోషం.

నోట్‌బుక్‌లు తెచ్చుకున్నవాళ్ళు ముందు వరుసలోకి రండి. మొన్న శుక్రవారం ట్రేడ్లతో మొదలుపెడదాం, ఎవరిది ముందు?