చర్చ: డబ్బు విలువ పడిపోతే మాట విలువ ఏమవుతుంది?

సమన్వయకర్త: ఆకలి రుచి ఎరుగదంటారు. ఆకలికి నీతి కూడా తెలియదని చాలామంది నమ్మకం. సంక్షోభం వస్తే దొంగతనాలు పెరగాల్సిందేనా?

ఆర్థికవేత్త: అన్నిచోట్లా కాదండీ. అమెరికాలో 2009 అక్టోబరుకు నిరుద్యోగం 10 శాతానికి చేరింది. ఆ ఏడాది దొంగతనాలు, హత్యలు రెండూ తగ్గాయి. 19వ శతాబ్దంలో జర్మనీలోని బవేరియాలో మాత్రం రై ధాన్యం ధర పెరిగిన ఏళ్లలో దొంగతనాలు పెరిగాయి. కొట్లాటలు తగ్గాయి. ఎందుకంటే బీరు కూడా ప్రియమైంది!

సమన్వయకర్త: తాగడానికి లేక మంచివాళ్లయ్యారన్నమాట.

చరిత్ర అధ్యాపకురాలు: ఆకలి గుంపులకూ ఒక లెక్క ఉండేది. 18వ శతాబ్దపు ఇంగ్లండులో ధర మండిపోయినప్పుడు జనం ధాన్యం బస్తాలు పట్టుకునేవాళ్లు. చాలాచోట్ల దోచుకోలేదు. తమకు న్యాయమనిపించిన ధరకు అక్కడే అమ్మి, వచ్చిన డబ్బు సొంతదారు చేతిలో పెట్టేవాళ్లు. కొన్నిసార్లు ఖాళీ గోతాలు కూడా.

సమన్వయకర్త: మరి నీతి ఎక్కడ తెగుతుంది?

ఆర్థికవేత్త: బాకీ దగ్గర. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు జర్మనీలో డాలరుకు 4.2 మార్కులు. 1923 నవంబరుకు 4.2 లక్షల కోట్లు. 1913లో ఒకాయన ఇల్లు తాకట్టు పెట్టుకుని 10,000 మార్కులు అప్పిచ్చాడనుకోండి. పదేళ్ల తర్వాత ఆ 10,000 విలువ పాత లెక్కలో ఒక మార్కులో పది కోట్లో వంతు. బాకీదారు ఆ కాగితాలే తెచ్చి "చెల్లు" అనొచ్చు. మార్కుకు మార్కే అని చట్టం అతని పక్షాన నిలబడింది. కూడబెట్టినవాడు వెర్రివాడు, అప్పు చేసినవాడు తెలివైనవాడు అయ్యారు. ఇందులో దొంగ ఎవరూ లేరు, అదే ప్రమాదం.

చరిత్ర అధ్యాపకురాలు: కోర్టు కళ్లు తెరిచింది కదా. 1923 నవంబరు 28న అత్యున్నత న్యాయస్థానం, అలా తీర్చడం సద్భావానికి విరుద్ధమంది. 1925లో చట్టం చేసి తాకట్టు అప్పులను పాత విలువలో 25 శాతానికి లెక్కగట్టారు.

సమన్వయకర్త: అర్జెంటీనాలో?

చరిత్ర అధ్యాపకురాలు: 2001 డిసెంబరులో బ్యాంకు ఖాతాల్లోంచి వారానికి 250 పెసోలకు మించి నగదు తీసుకోనివ్వలేదు. మరుసటి ఏడాది డాలరు డిపాజిట్లను డాలరుకు 1.40 పెసోల చొప్పున మార్చారు. డాలరు అప్పులను చాలావరకు 1 పెసోకే. బజార్లో డాలరు 4 పెసోల దాకా పోతోంది. అంటే దాచుకున్నవాడికి కోత, అప్పున్నవాడికి లాభం.

నేను చెప్పాలనుకున్నది మాత్రం వస్తుమార్పిడి సంఘాల సంగతి. 1995లో బ్యూనస్ ఎయిర్స్ శివారు బెర్నాల్‌లో చిన్నగా మొదలయ్యాయి. ఒకరు రొట్టె తెస్తారు, ఒకరు జుట్టు కత్తిరిస్తారు, లెక్కకు చీటీలు. ఇరవై ముప్పై మంది ఉన్నంతకాలం ముఖపరిచయమే జామీను. 2002లో లక్షల మంది వచ్చిపడ్డారు. దొంగచీటీలు దిగాయి. పైగా పిండి, నూనె చీటీలకు దొరకవు, అసలు డబ్బుతో కొనాల్సిందే. బల్లల మీద పాతబట్టలు మిగిలాయి, తిండి మాయమైంది, చేతిలో చీటీల కట్టలు.

ఆర్థికవేత్త: అక్కడ జనం చెడిపోయారని నేననను. పరిచయం మోయగల బరువుకు మించి మోయించారు.

సమన్వయకర్త: మీరు అల్బేనియా అంటుంటారు.

ఆర్థికవేత్త: అక్కడ జనానికి తెగింపు గొలుసుకట్టు పథకాలు కూలకముందే వచ్చింది. 1996 చివర్లో ఒక పథకం మూడు నెలల్లో మూడింతలు ఇస్తానంది. 100 పెట్టినవాడికి 300 ఇవ్వాలంటే 100 తెచ్చే కొత్తవాళ్లు ముగ్గురు కావాలి. ఆ ముగ్గురికి తొమ్మిది మంది, తర్వాత ఇరవై ఏడు, ఏడాది తిరిగేసరికి ఆ ఒక్కడి కోసమే ఎనభై ఒకరు. దేశ జనాభా సుమారు 30 లక్షలు. ఇళ్లు అమ్మి మరీ డబ్బు కట్టారు. పథకాల బాకీలు దేశ వార్షికోత్పత్తిలో దాదాపు సగానికి చేరాయి. 1997లో కూలాక ఆయుధాగారాలు లూటీ అయ్యాయి. సుమారు 2,000 మంది చనిపోయారు.

చరిత్ర అధ్యాపకురాలు: అత్యాశ అని తీసిపారేయకండి. డబ్బు పెట్టడానికి నికరమైన బ్యాంకు లేదు, ప్రభుత్వం గట్టిగా వద్దనలేదు. పక్కింటివాడికి వడ్డీ అందడం కళ్లారా చూశారు.

ఆర్థికవేత్త: ఒప్పుకుంటాను. అందుకే నష్టం ఎవరిమీద ఎంత పడుతుందో మొదటి వారాల్లోనే సూత్రం ప్రకటించాలి. చిన్న డిపాజిట్లు ముందు. తప్పు చేసినవాళ్లమీద కేసు కనబడాలి. 2008 తర్వాత ఐస్‌లాండ్ ప్రత్యేక ప్రాసిక్యూటరును పెట్టి, కూలిన బ్యాంకుల మాజీ అధిపతుల్లో కొందరిని జైలుకు పంపింది. జర్మనీ 25 శాతం కూడా మంచి సూత్రమే.

చరిత్ర అధ్యాపకురాలు: కాగితం మీద. ఆ 25 శాతం అసలును 1932 దాకా అడిగే వీల్లేదు. అప్పిచ్చినవాళ్లలో చాలామంది ముసలివాళ్లు.

సమన్వయకర్త: వాళ్లేం చేశారు మరి?

చరిత్ర అధ్యాపకురాలు: 1926లో సొంత పార్టీ పెట్టుకున్నారు.