అమ్మ పంపిన డబ్బులో కోర్టు కోత

డల్లాస్ తెలుగువాళ్లందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన టైమ్ అయిపోతుంది, మన్నించండి. నన్ను వీసాల గురించి మాట్లాడమని పిలిచారు. అవి భోజనాల దగ్గర ఎంతసేపైనా చెబుతాను. ఇప్పుడు మాత్రం జైల్లో ఉన్నవాళ్లు కట్టే కోర్టు ఫీజు గురించి చెప్పనివ్వండి, ఎందుకంటే దాన్ని అడిగే నాథుడే లేడు.

బయట ఉన్న పేదవాడు ఫెడరల్ కోర్టులో కేసు వేసి, ఫీజు కట్టలేనని అర్జీ పెట్టుకుంటే, జడ్జి ఒప్పుకుంటే మాఫీ. ఖైదీకి ఆ మాఫీ లేదు. 1996లో క్లింటన్ సంతకం పెట్టిన ప్రిజన్ లిటిగేషన్ రిఫార్మ్ యాక్ట్ వచ్చాక, గార్డు కొట్టాడని వేసినా, మందులివ్వలేదని వేసినా ఫీజు 350 డాలర్లూ కట్టాల్సిందే, కాకపోతే ఖైదీ జైలు ఖాతాలోంచి నెలనెలా వాయిదాల్లో కోస్తారు. చేతిలో చిల్లిగవ్వ లేదని కేసు ఆపకూడదని ఆ చట్టమే అంటుంది, నిజమే, కానీ బాకీ అలాగే ఉంటుంది. కేసు మొదట్లోనే కొట్టేసినా కోత ఆగదు.

కోత ఎవరి డబ్బులోంచి? మన టెక్సాస్ రాష్ట్ర జైళ్లలో దాదాపు ఏ పనికీ కూలి ఇవ్వరు. కాబట్టి అది వాళ్లమ్మ పంపిన డబ్బు. నెలకు 50 డాలర్లు పంపిందనుకోండి, అందులో 20 శాతం, అంటే పది డాలర్లు కోర్టుకు, సబ్బుకూ స్టాంపులకూ మిగిలింది. అలా దాదాపు మూడేళ్లు. రెండు కేసులుంటే నెలకు ఇరవై. ఏ కేసుకు ఆ కేసే 20 శాతం అని 2016లో సుప్రీంకోర్టు బ్రూస్ వర్సెస్ శామ్యూల్స్‌లో తేల్చేసింది. అంటే ఐదు కేసులుంటే మొత్తం పోవచ్చు!

ఇంత కఠినం ఎందుకంటే పీనట్ బటర్ కథ చెబుతారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. మెత్తటిది అడిగితే పలుకులది ఇచ్చారనో, పలుకులది అడిగితే మెత్తటిది ఇచ్చారనో ఒక ఖైదీ కోర్టుకెక్కాడని అప్పట్లో ఊరూరా చెప్పారు, సెనేట్‌లోనూ చెప్పారు. జాన్ న్యూమన్ అనే ఫెడరల్ అప్పీళ్ల జడ్జి అసలు రికార్డు తెప్పించి చూశారు. ఆ మనిషి తప్పు డబ్బా వెనక్కిచ్చేశాడు, వేరేది ఇస్తామన్నారు, ఈలోపు వేరే జైలుకు మార్చేశారు, ఆ డబ్బాకని ఖాతాలోంచి పట్టుకున్న రెండున్నర డాలర్లు మాత్రం తిరిగి వేయలేదు. అతను అడిగింది ఆ డబ్బు! రెండున్నర డాలర్లు మనకు చిన్నవే, కూలి లేని చోట ఉన్నవాడికి కావు. అబద్ధం ఊరంతా తిరిగింది, జడ్జిగారు రాసిన నిజం లా జర్నల్లో ఉండిపోయింది, చట్టం పాసైపోయింది.

మన ఇండియాలో తోటి ఖైదీని హింసించారని తీహార్ నుంచి సునీల్ బాత్రా రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుంది. అక్కడి జైళ్లు గొప్పవని అనట్లేదు. కోర్టు గడప దాటడానికి ఆ ఉత్తరం సరిపోయింది, అంతే.

అమ్మా, వెనక కూర్చున్నవాళ్లు, ఒక్క నిమిషం వినండి. మీలో లా లైసెన్స్ ఉన్నవాళ్లు ఏడాదికి ఒక్క ఖైదీ కేసు ఉచితంగా తీసుకోండి. ఓటున్నవాళ్లు మీ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు ఫోన్ చేసి, కోర్టు ఫీజు మాఫీ గురించి చెప్పే ఫెడరల్ చట్టం సెక్షన్ 1915లో ఖైదీల ఫీజు నిబంధన తీసేయమని అడగండి. ఏం మాట్లాడాలో తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాసిన కాగితాలు ఆ తలుపు దగ్గర బల్ల మీద పెట్టాను. వీసా ప్రశ్నలున్నవాళ్లు ముందు అదొకటి తీసుకుని నా దగ్గరికి రండి.