బాయిలర్ రూమ్ లేని నౌకాదళ చరిత్ర
(నేవీ డే సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ముందు మాట్లాడినవారు వరసగా చెప్పేశారు కనుక నేను మళ్లీ చెప్పను, ఏమీ అనుకోకండి. నాకిచ్చింది అరగంట. అందులో దండకీ శాలువాకీ కొంత పోయింది. ఈ శాలువా తీసి పక్కన పెడుతున్నాను, ఉక్కపోస్తోంది. బాయిలర్ రూమ్‌లో, అంటే ఓడని నడిపే ఆవిరి కాచే గదిలో పనిచేసినవాడికి ఇదో ఉక్కా అనకండి. అప్పటి వయసు వేరు.

"భారత నౌకాదళం: చరిత్ర, నౌకలు" అని కాగితం మీద రాసిచ్చారు. 1612 నుంచి మొదలుపెట్టండి అన్నారు నిర్వాహకులు. సరే. ఆ ఏడాది ఈస్టిండియా కంపెనీ తన సరుకు కాపాడుకోవడానికి సూరత్ దగ్గర కొన్ని ఓడలు పెట్టుకుంది. అదే పెరిగి బొంబాయి మెరైన్ అయింది, ఇంకా పేర్లు మారి 1934లో రాయల్ ఇండియన్ నేవీ అయింది, 1950 జనవరి 26న ఆ 'రాయల్' కాస్తా ఊడి భారత నౌకాదళం అయింది. 1612 కథ అయిపోయింది. అసలు మనకి ఓడ ఎక్కడం కంపెనీవాడు నేర్పాలా? యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం మీద రెండు కొయ్యల తెరచాప ఓడ ఉంది. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో అభయశాసనం వేయించాడు. తుఫానుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకు రాజులు లాగేసుకునే కాలంలో, మేం న్యాయమైన సుంకం తప్ప మరేదీ ముట్టుకోం అని రాతి మీద చెక్కించి మరీ చెప్పాడు. మన కోరంగిలో ఓడలు కట్టేవారు, 1839 తుఫాను ఆ రేవుని ఊడ్చిపెట్టేసింది. విశాఖలో సబ్‌మెరైన్ వాళ్లకి చదువు చెప్పే కేంద్రానికి ఐఎన్ఎస్ శాతవాహన అని ఊరికే పెట్టలేదు పేరు.

ఇక నేను చెప్పదలుచుకున్న దానికి వస్తాను. ఇవాళ డిసెంబర్ 4. 1971లో ఈ రాత్రే నిర్ఘాత్, నిపాత్, వీర్ అనే మూడు చిన్న మిసైల్ బోట్లు కరాచీ దాకా వెళ్లి పాకిస్తాన్ వాళ్ల ఖైబర్ అనే డిస్ట్రాయర్‌ని, ముహాఫిజ్ అనే, సముద్రంలో మైన్లు ఏరే మైన్‌స్వీపర్‌ని ముంచి, కియామారి చమురు ట్యాంకులకి నిప్పంటించి వచ్చాయి. దళానికి నాయకుడు కమాండర్ బబ్రూభాన్ యాదవ్. అందుకే ఇవాళ నేవీ డే. ఇదంతా మీకు తెలుసు, ప్రతి ఏడాదీ పేపర్లో వస్తుంది. ఆర్కే బీచ్‌లో హెలికాప్టర్లు, మార్కోస్ కమాండోలు, జనం, జంతికల బళ్లు. నేనూ మనవడిని భుజాన ఎక్కించుకుని చూసినవాణ్నే. కానీ ఆ తేదీ వచ్చినప్పుడల్లా నాకు మిసైల్ గుర్తుకురాదు. విక్రాంత్ బాయిలర్ గుర్తుకొస్తుంది.

విక్రాంత్ అంటే విమానాలు మోసుకెళ్లే ఓడ. పాత విక్రాంత్ బ్రిటిష్ వాళ్లది. 1943లో పని మొదలై, 1945లో నీళ్లలోకి దిగి, యుద్ధం అయిపోవడంతో సగంలో ఆగిన ఓడ. మనం 1957లో కొన్నాం, 1961 మార్చి 4న బెల్‌ఫాస్ట్‌లో మన జెండా ఎగరేశాం. దానికి నాలుగు బాయిలర్లు. 1971 యుద్ధానికి ముందు అందులో ఒకదాని డ్రమ్ములో పగుళ్లు కనిపించాయి. వెల్డింగ్ పెట్టి సర్దుకునే జాతి కాదు ఆ పగులు. నాలుగు కోళ్ల మంచానికి ఒక కోడు విరిగితే పడుకోగలమేమో గానీ, దాని మీద ఎగిరి దూకలేం కదా. విక్రాంత్ పని ఎగిరి దూకించడమే.

పిల్లలున్నారు కనుక ఇది కాస్త విడమరిచి చెబుతాను. విమానం లేవాలంటే రెక్కల కింద గాలి కావాలి. ఓడ మీద రన్‌వే జానెడు. అందుకని ఓడని గాలికి ఎదురు తిప్పి పూర్తి వేగంతో నడుపుతారు. ఓడ వేగం, గాలి వేగం రెండూ కలిసి విమానానికి అందుతాయి. మిగతా తోపు, విమానాన్ని ముందుకి విసిరే క్యాటపల్ట్ అనే యంత్రం ఇస్తుంది. ఆ క్యాటపల్ట్ నడిచేది కూడా ఆవిరితోనే. అంటే ఒక బాయిలర్ కుంటుపడితే దెబ్బ రెండు చోట్ల: ఓడా నెమ్మదిస్తుంది, క్యాటపల్ట్‌కీ ఆవిరి తక్కువవుతుంది. పైగా డిసెంబర్‌లో బంగాళాఖాతంలో గాలి పెద్దగా ఉండదు. సీ హాక్ జెట్లు, అలిజే విమానాలు ఈ లెక్కల మధ్యలోంచి లేవాలి. ఈ కుంటి ఓడని యుద్ధానికి పంపాలా వద్దా అని పైన చాలా చర్చ జరిగింది. అప్పటి నౌకాదళాధిపతి అడ్మిరల్ నందా పంపుదామన్నారు. కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్ తీసుకెళ్లారు. డిసెంబర్ 4 పొద్దున సీ హాక్‌లు కాక్స్ బజార్ మీద, ఆ తర్వాత చిట్టగాంగ్ మీద దాడి చేశాయి. అప్పటి తూర్పు పాకిస్తాన్ రేవులన్నీ కట్టడి అయ్యాయి.

పుస్తకాల్లో నందాగారున్నారు, స్వరాజ్ ప్రకాశ్ గారున్నారు, పైలట్లున్నారు. ఉండాల్సిందే. పగిలిన బాయిలర్ పక్కన నాలుగేసి గంటలు వాచ్‌లో, అంటే డ్యూటీ వంతులో నిలబడ్డవాళ్లెవరు? ఎవరైనా ఒక్క పేరు చెప్పండి. చెప్పండి, నేను ఆగుతాను.

చూశారా.

ఆ గదిలో నిలబడటం అంటే ఏమిటో చెబితే గానీ మీకు నా బాధ తెలీదు. నేను చేసిన షిప్ పేరు చెప్పను, చెబితే అక్కడే ఆగిపోతాను. పాతకాలం ఆవిరి ఓడ అనుకోండి. బాయిలర్ రూమ్‌లోకి దిగడానికి రెండు తలుపులు, మధ్యలో చిన్న గది. ఒకటి మూసి బిగించాకే రెండోది తెరవాలి. లోపల ఫ్యాన్లు గాలి ఒత్తిడి పెంచి ఉంచుతాయి. రెండు తలుపులూ ఒకేసారి తెరిస్తే ఆ ఒత్తిడి పడిపోయి, పొయ్యిలో మంట మన మీదకి తన్నుతుంది. దిగాక మొదట చూసేది గేజ్ గ్లాస్, బాయిలర్‌లో నీరు ఎంతుందో చూపించే గాజు గొట్టం. ఓడ ఊగుతుంటే అందులో నీళ్లూ ఊగుతాయి, అసలు మట్టం ఏదో కనిపెట్టడం అలవాటు మీద రావాలి. నీరు కిందకి జారిపోతే ట్యూబులు కాలిపోతాయి. ఎక్కువైతే ఆవిరితోపాటు నీరు వెళ్లి టర్బైన్ రెక్కల్ని కొడుతుంది. మంటకి గాలి తక్కువైతే చిమ్నీలోంచి నల్లపొగ, ఎక్కువైతే తెల్లపొగ. ఏ పొగ వచ్చినా, పైన ఓడ నడిపే అధికారులుండే బ్రిడ్జ్ మీంచి తిట్లే, పొగ చూసి శత్రువు ఆనవాలు పడతాడని. ఆ తిట్లు అన్ని భాషల్లో విన్నాం.

అన్నిటికన్నా ప్రమాదం, కనపడని ఆవిరి. పైపులోంచి బాగా వేడెక్కిన ఆవిరి లీకైతే తెల్లగా పొగలా రాదు, కంటికి ఏమీ కనపడదు. ఈల వేసినట్టు చప్పుడు మాత్రం వస్తుంది. ఎక్కణ్నుంచో తెలీదు. అప్పుడు మా పెట్టీ ఆఫీసర్ చీపురు కర్ర ముందుకి చాపి, ఒక్కో అడుగే వేస్తూ వెళ్లేవాడు. కర్ర చివర ఎక్కడ తెగి పడితే అక్కడుంది లీకు. చెయ్యి చాపకూడదు. ఆ కర్ర చివర నున్నగా కోసినట్టు ఉండటం నేను చూశాను.

మంచినీళ్ల సంగతి సరేసరి. సముద్రం నీటిని కాచి తయారుచేసిన మంచినీరు ముందు బాయిలర్‌కి, మిగిలితే మనిషికి. బాయిలర్ నీళ్లలో ఉప్పు చేరిందేమోనని సిల్వర్ నైట్రేట్ చుక్క వేసి చూసేవాళ్లం, పాలలా విరిగితే గుండె జారేది. ఇలా ఉండేది మా బతుకు. నేనిది గొప్ప కోసం చెప్పడం లేదు. ఇది కూడా నౌకాదళ చరిత్రే అంటున్నాను, అంతే.

అధ్యక్షులవారు చీటీ పంపారు. 'నౌకల గురించి కూడా' అని రాశారు. నౌకల గురించేనండీ చెబుతున్నది.

సరే, నౌకలే చెబుతాను. 1948లో వచ్చిన ఐఎన్ఎస్ ఢిల్లీ, అంతకుముందు అకిలీస్ పేరుతో 1939లో రివర్ ప్లేట్ దగ్గర జర్మన్ యుద్ధనౌక గ్రాఫ్ స్పీతో తలపడిన క్రూయిజర్. ఆ తర్వాత 1957లో మైసూర్. మొదటి సబ్‌మెరైన్ కల్వరి 1967 డిసెంబర్ 8న. మజగావ్‌లో కట్టిన నీలగిరి 1972లో. ఇంకోటి చెప్పాలి, గోదావరి. రెండు గోదావరులున్నాయి మనకి. మొదటిది రెండో ప్రపంచ యుద్ధం నాటి స్లూప్ అనే చిన్న యుద్ధనౌక, దేశ విభజనలో పంపకాల్లో పాకిస్తాన్‌కి పోయి 'సింధ్' అయింది. మన కృష్ణ మాత్రం మనకే మిగిలింది. రెండో గోదావరి 1983 డిసెంబర్ 10న చేరింది, మనవాళ్లే డిజైన్ చేసిన ఫ్రిగేట్. అంతకుముందు లియాండర్ తరగతి ఓడలకి ఏ ఆవిరి ఇంజన్లు పెట్టారో, అవే ఇంజన్లతో ఇంకా పెద్ద ఓడ కట్టి, దాని మీద రెండు సీ కింగ్ హెలికాప్టర్లు పెట్టారు. 1988లో మాల్దీవుల్లో తిరుగుబాటు చేసి ప్రోగ్రెస్ లైట్ అనే ఓడలో బందీలతో పారిపోతున్నవాళ్లని అడ్డుకున్నది ఈ గోదావరీ, బేత్వా. గోదావరి జిల్లావాళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడ చప్పట్లు కొట్టొచ్చు.

కొట్టారు, సంతోషం. 1947లో స్వాతంత్ర్యం వచ్చినా, నౌకాదళానికి భారతీయుడు అధిపతి కావడానికి 1958 ఏప్రిల్ 22 దాకా ఆగాం. రామ్‌దాస్ కటారి గారు. అప్పటిదాకా బ్రిటిష్ అధికారులే.

మరి ఆ బ్రిటిష్ అధికారుల మీద తిరగబడ్డదెవరు? అడ్మిరల్సా? 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ అనే సిగ్నల్ శిక్షణ కేంద్రంలో, తిండి బాగోలేదని, అవమానాలు భరించలేమని కుర్రాళ్లు పని మానేశారు. సమ్మె కమిటీకి అధ్యక్షుడు సిగ్నల్‌మన్ ఎం.ఎస్. ఖాన్, ఉపాధ్యక్షుడు టెలిగ్రాఫిస్ట్ మదన్ సింగ్. రోజుల్లో అది 78 ఓడలకి, 20 తీర కేంద్రాలకి పాకింది. సుమారు 20,000 మంది. కరాచీలో హిందుస్తాన్ ఓడ మీద కాల్పులే జరిగాయి. సర్దార్ పటేల్ మాట మీద 23న లొంగిపోయారు. ఉద్యోగాలు ఊడాయి. స్వాతంత్ర్యం వచ్చాక వాళ్లని తిరిగి తీసుకున్నారా? ఇటు మనమూ తీసుకోలేదు, అటు పాకిస్తానూ తీసుకోలేదు. నాకు కడుపు మండేది ఇక్కడే. జెండాలు ఎగరేసేటప్పుడు పైడెక్కు, ఉద్యోగం పోయేటప్పుడు కిందిడెక్కు.

పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ గురించి చెప్పకపోతే విశాఖలో సభ పూర్తికాదు కదా. 1971 డిసెంబర్ 3, 4 మధ్య రాత్రి మన రేవు బయటే మునిగింది. ఇక్కడి తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ గారు విక్రాంత్ విశాఖలోనే ఉన్నట్టు నమ్మించారు, అసలు విక్రాంత్ అండమాన్ వైపు ఉంది. మన ఓడ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలకి, అంటే నీటి లోపల పేలే బాంబులకి మునిగిందని మన మాట. తన మైన్‌కి తానే బలైందని పాకిస్తాన్ మాట. జాలర్లకి దొరికిన లైఫ్ జాకెట్ దగ్గర్నుంచి ఇవాళ్టి దాకా ఈ వాదన తెగలేదు, నేనూ తెంపను. అందులో తొంభై మందికి పైగా ఉన్నారు. వాళ్లలోనూ ఇంజన్ రూమ్ వాళ్లున్నారు. శత్రువే కావచ్చు. గేజ్ చూసే కళ్లు ఎక్కడైనా ఒకటే.

డిసెంబర్ 9న డయ్యూ దగ్గర మన యుద్ధనౌక ఖుక్రీని వాళ్ల సబ్‌మెరైన్ హంగోర్ టార్పెడోతో ముంచింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడతోపాటే వెళ్లిపోయారు. ఆయనకి రెండు చేతులెత్తి మొక్కాలి, నేను మొక్కుతాను. పోయినవాళ్లు 18 మంది అధికారులు, 176 మంది నావికులు. ఆ 176లో మనకెన్ని పేర్లు తెలుసు? కింద మెషినరీ దగ్గర ఉన్నవాడికి నిచ్చెనలెక్కి పైకి రావడానికి టైమెక్కడిది? నిమిషాల్లో మునిగిపోయింది ఓడ.

ఇప్పుడు ఇనుము సంగతి. మనుషుల్ని ఎలాగూ మరిచాం, ఓడనైనా ఉంచామా? విక్రాంత్ 1997 జనవరి 31న రిటైరైంది. ముంబైలో మ్యూజియంగా పెట్టారు, 2012లో భద్రత బాగోలేదని మూసేశారు, 2014లో తుక్కు కింద అరవై కోట్లకి అమ్మేశారు. ఆ ఉక్కు కొంత మోటార్ సైకిల్ పెట్రోల్ ట్యాంకుల్లోకి పోయింది. తర్వాత విరాట్, అదీ విమానాల ఓడే. దాన్ని విశాఖ తెచ్చి మ్యూజియం చేస్తామని మన రాష్ట్రం ముందుకొస్తే ఊరంతా సంబరపడ్డాం. ఖర్చు లెక్క తెగలేదు. 2020 సెప్టెంబర్‌లో, ఓడలు విరగ్గొట్టే గుజరాత్ అలంగ్ దారి పట్టింది. పాత ఓడలన్నీ ఉంచుకోలేం, నాకూ తెలుసు, ఉప్పునీటిలో ఇనుముని కాపాడటం మాటలు కాదు. కానీ ఓడ పోయినా ఒక గేజ్ ఉంచుకోవచ్చు కదా? నా షిప్ విరగ్గొడుతున్నారని తెలిసి, బాయిలర్ రూమ్ గేజ్ ఒక్కటి ఇప్పించండి, డబ్బిస్తానని ఒక ఆఫీసుకి ఉత్తరం రాశాను. జవాబు లేదు. మనిషిని పంపితే, ఇత్తడంతా కిలోల లెక్కన వెళ్లిపోయిందన్నారు. ఆ గ్లాస్ ముందు నా యవ్వనం గడిచింది.

ఇప్పటి కొత్త విక్రాంత్‌కి, 2022 సెప్టెంబర్ 2న కొచ్చిలో చేరిందానికి, బాయిలర్లు లేవు, గ్యాస్ టర్బైన్లు. మంచిదే. కానీ ఆవిరి కాలం అయిపోయిందనుకోకండి. రష్యా నుంచి కొన్న విమానాల ఓడ విక్రమాదిత్యకి ఎనిమిది బాయిలర్లు. 2012లో రష్యాలో ట్రయల్స్‌కి తీసుకెళ్తే ఏడు మొరాయించాయి, లోపలి ఇటుకలు తట్టుకోలేదు. ఆ దెబ్బకి ఓడ చేతికి రావడం ఏడాది ఆలస్యమై 2013 నవంబర్‌కి పడింది. అప్పుడు టీవీలో పెద్దపెద్ద నిపుణులు కూర్చుని మాట్లాడారు. బాయిలర్ దగ్గర పనిచేసే స్టోకర్ని ఒక్కణ్ని పిలవలేదు.

రెండో చీటీ వచ్చింది. ముగించమని.

ఒక్క మాట. ఈ ఊళ్లో, భీమిలి నుంచి గాజువాక దాకా, ఇల్లు వదిలి ఇల్లు నౌకాదళం నుంచి రిటైరైనవాళ్లే. ఆవిరి ఓడల్లో చేసినవాళ్లు ఇప్పుడు డెబ్బైలు, ఎనభైలు దాటేశారు. మీ తాతగారో, పక్కింటి పెద్దాయనో ఉంటే ఇవాళే ఫోన్ తీసి ముందు పెట్టండి. యుద్ధం గురించి అడగొద్దు, పతకాల గురించి చెబుతారు. వాచ్‌లో ఏం చేసేవారు, ఏం తినేవారు, ఎవరు తిట్టేవారు, ఎవరు చచ్చిపోయారు, అదడగండి. బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన సబ్‌మెరైన్ కురుసురా చూడటానికి వెళ్లినప్పుడు టార్పెడో గొట్టాల దగ్గర సెల్ఫీ దిగి దిగిపోకండి, వెనక ఇంజన్ల దగ్గర కాసేపు నిలబడండి. మూడు డీజిల్ ఇంజన్లు నడుస్తుంటే ఆ గదిలో మనిషికి ఎంత చోటు మిగులుతుందో చూడండి. చూపించేవాళ్లు రిటైరైన నేవీవాళ్లే, అడిగితే బోలెడు చెబుతారు.

గ్రంథాలయంవారిని బతిమాలి తలుపు దగ్గర ఒక రిజిస్టర్ పెట్టించాను. పేరు, ఓడ, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది, ఏ డిపార్ట్‌మెంట్. పోయినవాళ్ల పేర్లు కూడా రాయండి. వంటగదివాళ్లవీ, చాకలిపని చేసినవాళ్లవీ కూడా. విక్రాంత్‌లో 71లో కింద చేసినాయన ఎవరైనా బతికున్నారని తెలిస్తే పేరు పక్కన టిక్కు పెట్టండి, ఏ ఊరైనా నేనే వెళ్తాను. పెన్ను దారంతో కట్టి ఉంది, దయచేసి జేబులో వేసుకుపోకండి.