సాక్షిగా బోల్తా పడనివాళ్ళకు లా పట్టా ఇవ్వకండి!

కోపం వచ్చేవాళ్ళు ఇప్పుడే తెచ్చుకోండి, తర్వాత తీరిక ఉండదు. తరగతిలో సాక్షిగా నిలబడి, కళ్ళారా చూసిందే తప్పు చెప్పి ఒక్కసారైనా బోల్తా పడని విద్యార్థికి న్యాయశాస్త్ర పట్టా ఇవ్వకూడదు. ఇవ్వకూడదంటే ఇవ్వకూడదు!

గొడవ మీకు తెలిసిందే. విశ్వవిద్యాలయాల్లో లా చదివేవాళ్ళకు సైకాలజీ పేపరు పెట్టాలని ఒక వర్గం. చట్టాలు నేర్చుకోవడానికే సమయం చాలడం లేదు, ఈ మనసు గోల మాకెందుకని మరో వర్గం. ఇన్ని మాటలు అనుకున్నారు కదా, ఉన్నచోట ఆ పేపరు ఎలా చెబుతున్నారో ఒక్కరైనా చూశారా? జ్ఞాపకశక్తిని నిర్వచించండి, అయిదు మార్కులు. దాని రకాలు వివరించండి, పది మార్కులు. ఆ పదికి పదీ కొట్టిన విద్యార్థే రేపు నల్లకోటు వేసుకుని, 'కళ్ళారా చూసిన సాక్షి ఉంది, ఇంకేమి కావాలి' అంటాడు. మరి ఆ పది మార్కులు ఏ గంగలో కలిశాయి?

1901లో బెర్లిన్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంజ్ ఫాన్ లిస్ట్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు ఏమి చేశాడో వినండి. పాఠం మధ్యలో ఇద్దరు విద్యార్థులకు మాటా మాటా పెరిగింది. ఒకడు రివాల్వర్ తీశాడు. ఆచార్యుడు అడ్డం పడ్డాడు, అది పేలింది, గదంతా గగ్గోలు. అంతా నాటకం! ముందే రాసుకున్న నాటకం. తర్వాత చూసింది చూసినట్టు చెప్పమన్నారు. కొందరిని అప్పటికప్పుడు, కొందరిని మరునాడు, కొందరిని వారం పోయాక. అందరికంటే బాగా చెప్పినవాడి మాటల్లోనే 26 శాతం తప్పులు. అందరికంటే ఘోరంగా చెప్పినవాడికి 80. నోరు మెదపనివాళ్ళ నోట్లో మాటలు పెట్టారు. దారిన పోయే దానయ్యలా వీళ్ళు? న్యాయశాస్త్రం ఔపోసన పడుతున్నవాళ్ళు!

ఈ సంగతిని హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1908లో తన పుస్తకంలోకి ఎక్కించి, న్యాయవాదులకు మనస్తత్వశాస్త్రం పట్టదని వాయించాడు. మరుసటి ఏడాదే జాన్ హెన్రీ విగ్మోర్ అనే సాక్ష్యచట్ట పండితుడు ఒక ఊహా విచారణ రాసి, అందులో మున్‌స్టర్‌బర్గ్‌ను ప్రతివాదిగా నిలబెట్టి ఓడించాడు. ఆ వెటకారం భలే ఉంటుంది, దాచుకోవడమెందుకు! కోర్టుకు పనికివచ్చే రుజువులు మీ దగ్గర ఎక్కడున్నాయని అడిగాడు. అప్పటికి న్యాయమైన ప్రశ్నే.

జవాబులు తర్వాత వచ్చాయి. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వ పరిశోధకులు విద్యార్థులకు కారు ప్రమాదాల దృశ్యాలు చూపించి వేగం ఎంతో చెప్పమన్నారు. ప్రశ్నలో ఒక్క క్రియాపదం మార్చారు, అంతే. కార్లు 'తగిలినప్పుడు' అంటే సగటు జవాబు గంటకు 31.8 మైళ్ళు. 'గుద్దుకుని నుజ్జయినప్పుడు' అనే అర్థం వచ్చే మాట వాడితే 40కి పైనే. మరో బృందాన్ని వారం తర్వాత పిలిచి, పగిలిన గాజు చూశారా అంటే, ఆ గట్టి మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. అక్కడ గాజు పెంకు ఒక్కటి కూడా లేదు! ఇది ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంటుంది. విద్యార్థి చదువుతాడు, 'పాపం, ఎంత అమాయకులో' అనుకుంటాడు. అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పదహారు మందిలో తానూ ఉండేవాడినని వాడికి తట్టదు.

నాకూ తట్టలేదు. నా చదువు రోజుల్లో ఎవరో ఒకతను తరగతిలోకి వచ్చి, బల్ల మీది సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. అరనిమిషం కూడా పట్టలేదు. అదీ మాస్టారు ఆడించిన నాటకమే. చూసింది రాయమంటే, కళ్ళజోడు పెట్టుకున్నాడని రాశాను. తర్వాత తరగతిలోనే పెట్టిన క్రాస్ ఎగ్జామినేషన్‌లో పక్క బెంచీ అమ్మాయి గుచ్చి గుచ్చి అడిగితే ఒట్టు కూడా పెట్టాను. తర్వాత అతన్ని మళ్ళీ లోపలికి పిలిచారు. కళ్ళజోడు లేదు. కళ్ళజోడు మాస్టారిది! దాన్ని తీసి దొంగ ముఖానికి తగిలించింది నా బుర్ర. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవాళ్ళను చూసి అంతవరకూ నవ్వేవాణ్ణి. ఆ రోజు కుందేలు నా చేతిలోనే ఉంది.

నవ్వులాటగా ఉందా? రొనాల్డ్ కాటన్‌ను అడగండి. 1984లో అమెరికాలోని నార్త్ కరోలినాలో అత్యాచారానికి గురైన ఒక కాలేజీ విద్యార్థిని, ఆ ఘోరం జరుగుతుండగానే దుండగుడి ముఖాన్ని పట్టుదలగా గుర్తు పెట్టుకుంది, ఎలాగైనా పట్టించాలని. ఫొటోల్లో కాటన్‌ను చూపింది. మనుషులను వరుసగా నిలబెట్టినప్పుడూ అతన్నే చూపింది. ఫొటోల్లో మీరు చూపింది కూడా ఇతన్నే అని పోలీసులు చెప్పారు. ఆ మాటతో ఉన్న కాస్త సందేహమూ పోయింది. రెండో విచారణలో అసలు నేరస్థుణ్ణి ఎదురుగా తెచ్చి నిలబెడితే, ఇతన్ని ఎన్నడూ చూడలేదంది! కాటన్ పదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాడు. 1995లో డీఎన్ఏ పరీక్ష వల్ల బయటపడ్డాడు. ఆమె ఒక్క అబద్ధం కూడా ఆడలేదు, అదీ అసలు భయం.

మొదటిసారి, సరైన పద్ధతిలో అడిగినప్పుడు సాక్షి చూపే ధీమాకు విలువ ఉందని ఈమధ్య పరిశోధకులు అంటున్నారు. సరే, ఒప్పుకుంటాను. నెలల తర్వాత బోనులో కనిపించే ధీమా వేరే సరుకు.

ఇంకొకటి, పక్కదారే కానీ చెప్పకుండా ఉండలేను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని మనకో సామెత. న్యాయానికి ఇంతకన్నా పెద్ద శత్రువు లేదు! భుజం దురద పెట్టినవాడూ దొంగేనా? 2006లో బాండ్, డిపాలో అనే పరిశోధకులు 206 పత్రాలను కలిపి లెక్క కట్టారు. మనిషిని చూసి, మాట విని అబద్ధమో నిజమో తేల్చడంలో సగటున 54 శాతమే సరిపోయింది. నాణెం ఎగరేస్తే 50 వస్తుంది. అబద్ధాలు పట్టేస్తుందని చెప్పే పాలిగ్రాఫ్ యంత్రం అంటే ఏమిటనుకున్నారు? ఆ సామెతకే తీగలు తగిలించారు.

తరగతిలో ఇలాంటి నాటకమాడి విద్యార్థులను మోసం చేయడం తప్పు కాదా అంటారు. రివాల్వర్ వద్దు, ఎవరినీ హడలగొట్టవద్దు. సంచి చాలు. గంట తిరగకముందే నిజం చెప్పేయాలి, ఇష్టం లేనివాళ్ళ కాగితాలు చించేయాలి. ఇంకో షరతు. లా వాళ్ళూ సైకాలజీ వాళ్ళూ ఒకే గదిలో కూర్చోవాలి. నూటికి ఇంతమంది పొరబడతారని సైకాలజీ వాళ్ళంటారు. ఆ నూరుమంది నాకు వద్దు, బోనులో ఉన్న ఈ ఒక్కరు పొరబడ్డారో లేదో చెప్పు అని లా వాళ్ళు నిలదీస్తారు. ఈ పేచీ పుట్టని తరగతి దండగ.

సరే, నన్ను తిట్టడానికి కామెంట్లలోకి వెళ్ళేముందు ఒక్క పని చేయండి. తెర మీది నుంచి కళ్ళు తిప్పుకుని, వీడియో వెనక్కి జరపకుండా రాయండి. నేను మొదలుపెట్టినప్పుడు నా వెనక గోడ మీది గడియారంలో ఎంతయింది? చిన్న ముల్లు ఎక్కడుంది? రాశారా? ఇప్పుడు వెనక్కి జరిపి చూడండి. గోడ ఉంది.