ఇంటి బైండ్లు
(తెనాలిలో గ్రంథాలయ వారోత్సవాల సభలో మాట్లాడింది)

అందరికీ నమస్కారమండీ. వేదిక మీదున్న పెద్దలకీ, మున్సిపాలిటీ నుంచి వచ్చినవారికీ, లైబ్రేరియన్ గారికీ, పొద్దున్నే ర్యాలీ చేయించి తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టిన పిల్లలకీ (పాపం వీళ్ళకి టిఫిన్ పెట్టారా లేదా?) పేరుపేరునా నమస్కారం. పేరుపేరునా అన్నాను గానీ పేర్లన్నీ చదివితే నాకిచ్చిన టైము కాస్తా అయిపోతుంది, ఏమనుకోకండి.

నాకిచ్చిన టాపిక్కు "పిల్లల్లో పఠనాభిరుచి పెంపొందించుట ఎలా" అని. అదెలాగో నాకు తెలీదండీ, నిజంగానే తెలీదు. మా ఇంట్లో ఎవరూ నాలో ఏదీ పెంపొందించలేదు. "ఆ పుస్తకం అవతల పడేసి అన్నం తిను" అనటమే తప్ప ఇంకో మాట విని ఎరగను. అయినా చదివాం, ఇంటిల్లిపాదీ చదివాం, అదెలా జరిగిందో చెప్తాను, అందులోంచి మీకేమన్నా పనికొస్తే తీసుకోండి.

మాది ఇక్కడికి దగ్గర్లో పల్లెటూరే. 1960ల సంగతి. ఇంటికి ఆంధ్రప్రభ వీక్లీ, ఆంధ్రపత్రిక వీక్లీ, చందమామ వచ్చేవి. యువ, జ్యోతి పక్కింటివాళ్ళు తెప్పించేవాళ్ళు, మార్చుకునేవాళ్ళం. వీక్లీ వస్తే దానికో వరస ఉండేది. ముందు తాతయ్య, ఆయన చదివేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. తర్వాత నాన్న, బాబాయి. తర్వాత మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక అమ్మా పిన్నీ, ఒకళ్ళు పైకి చదువుతుంటే ఇంకొకళ్ళు బియ్యం ఏరుతూ వినటం. తర్వాత అన్నయ్య. అందరి తర్వాత నేను. నా చేతికొచ్చేసరికి అట్ట మీద కాఫీ గ్లాసు ముద్ర, లోపల పేజీలకి ఇంగువ వాసన.

అయితే అసలు రహస్యం ఏంటంటే, తాతయ్య కంటే ముందు చదివే మనిషి ఇంకొకరు ఉండేది. మా మేనత్త. ఏజెంటు కుర్రాడు సైకిలు దిగకుండానే వీధరుగు మీద వీక్లీ విసిరేసి పోయేవాడు, ఆ టైముకి తాతయ్య పూజలో ఉండేవారు. అత్తయ్య తలుపు వారగా నిలబడే సీరియల్ మొత్తం గబగబా చదివేసి, మడత నలక్కుండా మళ్ళీ ఎక్కడ పడిందో అక్కడే పెట్టేసి, ముగ్గు చిప్ప పట్టుకుని లోపలికి వచ్చేసేది. నేను కాపలా. హారతి గంట వినపడగానే నేను దగ్గాలి. దానికి జీతం, ఆ వారం కథ రాత్రి పడుకునేటప్పుడు నాకు చెప్పటం. అంటే మా ఇంట్లో అందరికంటే ఆఖర్న చదివే నాకు కథ మాత్రం తాతయ్యతో పాటే తెలిసిపోయేదన్నమాట!

అత్తయ్య చదువు ఎస్సెల్సీతో ఆగిపోయింది. తెనాలి కాలేజీకి పంపేది లేదన్నారు. నవలలు చదివితే ఆడపిల్లలు చెడిపోతారని తాతయ్య అభిప్రాయం. మరి మీరు చదువుతున్నారుగా అని ఒకసారి నాయనమ్మ అడిగితే "నేను పద్యాలు చూస్తున్నానే" అన్నారు. వీక్లీ తెరిచి ఉన్నది కోడూరి కౌసల్యాదేవి సీరియల్ దగ్గర! ఆవిడ నవల చక్రభ్రమణం తెలుసుగా, ఆంధ్రప్రభ వాళ్ళ నవలల పోటీలో బహుమతి వచ్చింది, 1964లో డాక్టర్ చక్రవర్తి సినిమా అయింది. ఆ సినిమాకి బండి కట్టించి తీసికెళ్ళింది కూడా ఆ తాతయ్యే.

ఇప్పుడు అసలు నేను చెప్పదలుచుకున్నదానికి వస్తాను. అందరూ చదివేశాక వీక్లీ అత్తయ్య పాలు. సీరియల్ కాయితాలు జాగ్రత్తగా ఊడదీసి ట్రంకు పెట్టెలో దాచేది. సీరియల్ అయిపోయిన రోజు బైండింగు రోజు. మైదా పిండి ఉడకబెట్టి, పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం వేసేది, మమ్మల్ని ఆ గిన్నె దగ్గరికి రానిచ్చేది కాదు. కాయితాలన్నీ అంచులు సమంగా తట్టి, దబ్బనంతో మూడు చోట్ల పొడిచి, పురికొసతో కుట్టి, చీరల అట్టపెట్టె కత్తిరించి అట్టలు వేసి, వీపుకి పాత జాకెట్టు గుడ్డ అంటించి, పైన తిరగలి రాయి పెట్టి రాత్రంతా ఉంచేది. పొద్దున తీస్తే పుస్తకం. అట్ట మీద సీరియల్ పేరు, రచయిత్రి పేరు, ఏ తారీకు నుంచి ఏ తారీకు దాకా వచ్చిందో అన్నీ సిరాతో గుండ్రంగా. మీ ఇళ్ళల్లో కూడా చేసుంటారు, ఆ వెనకాల కూర్చున్న అమ్మగారు తలూపుతున్నారు చూడండి.

ఆ బైండ్లలో ఒక తమాషా ఉండేది. సీరియల్ ఆఖరి పేజీ వెనకవైపు ఇంకేదో ఉంటుంది కదా. సగం కథ ఉండేది, దానికి మొదలుండదు. ఒక వంటకం చివరి నాలుగు లైన్లు ఉండేవి, అదేం కూరో తెలీదు. మాలతీ చందూర్ గారి ప్రమదావనం శీర్షికలో జవాబు ఉండేది, ప్రశ్న ఉండేది కాదు. ఎవరో ఏదో కష్టం చెప్పుకున్నారు, ఈవిడ ధైర్యం చెప్తున్నారు, ఆ కష్టం ఏమయ్యుంటుందా అని నేనూ అన్నయ్యా వేసవి సెలవల్లో అటక మీద కూర్చుని పందేలు వేసుకునేవాళ్ళం. నాకు కథలు అల్లటం అంటూ ఏమన్నా వచ్చిందీ అంటే ఆ వెనక పేజీల వల్లే.

చందమామ మటుకు చింపే ప్రసక్తి లేదు, సంవత్సరం సంచికలన్నీ కలిపి ఒకే బైండు. అది మొదలైంది 1947 జులైలో, మద్రాసులో, కానీ తెనాలి పేరు చెప్పకుండా చందమామ సంగతి మాట్లాడితే నేను ఊరుకోను. పెట్టింది నాగిరెడ్డి గారూ చక్రపాణి గారూ, చక్రపాణి గారిది తెనాలి. 1952 నుంచి 1980లో పోయేదాకా ఎడిటింగు చూసిన కొడవటిగంటి కుటుంబరావు గారిదీ తెనాలే. పిల్లలూ, మీలో చందమామ చూసినవాళ్ళు చేతులెత్తండి. ...సరే. చూశారా సార్? వాళ్ళదేం తప్పు లేదు.

ఒక్క నిమిషం సార్, బెల్లు వినపడింది. అసలు విషయం ఇప్పుడే మొదలైంది.

పాత ఇల్లు పడగొట్టి డాబా వేసేటప్పుడు అటక దింపారు. ఇత్తడి సామాన్లన్నిటికీ గంటసేపు బేరం ఆడారు. ట్రంకు పెట్టెలో బైండ్లకి బేరమే ఆడలేదండీ, చిత్తుకాయితాలవాడికి కిలోల లెక్కన తూచి ఇచ్చేశారు. మాతో పాటు చదివిన అన్నయ్యే దగ్గరుండి తూయించాడు, నాకు ఇప్పటికీ మింగుడు పడని సంగతి అదే. గృహప్రవేశానికి వచ్చిన అత్తయ్య "నా పెట్టె ఏదిరా?" అంది. వాడు నసిగాడు. "సరే, డబ్బులెంతొచ్చాయో చెప్పు, నా వాటా నాకు పడెయ్" అని చెయ్యి చాపింది. భోజనాల బంతి మధ్యలో, వియ్యాలవారి ముందు! వాడు జేబులోంచి నోటు తీసి ఇస్తే మడిచి బొడ్లో దోపుకుంది కూడా.

నేను పెళ్ళయి వెళ్ళేటప్పుడు తీసికెళ్ళిన కొన్ని మటుకు మిగిలాయి. నా తర్వాత వీటి గతేంటని ఒక లైబ్రరీకి పట్టుకెళ్ళాను, ఈ లైబ్రరీ కాదులెండి, కంగారు పడకండి. అక్కడ కౌంటర్లో ఆయన "దీని ధరెంతమ్మా, పబ్లిషరెవరు?" అన్నారు. మా మేనత్త అన్నాను. నవ్వి, రిజిస్టర్లో కాలమ్ నిండకపోతే ఎక్కించటం కుదరదన్నారు. మర్యాదగానే చెప్పారు, మర్యాదగానే వెనక్కిచ్చారు.

ఆ నవలలన్నీ పుస్తకాలుగా వచ్చాయిగా, ఈ చింపిన కాయితాలెందుకూ అంటారు. కొన్ని వచ్చాయి, అన్నీ ఎక్కడొచ్చాయి? వచ్చినవాటిలోనూ వారం వారం బాపు గారు వేసిన బొమ్మలుండవు, ఏ వారం కథ ఏ మలుపు దగ్గర ఆపి మనల్ని ఏడిపించారో తెలీదు, పక్కన ప్రకటనలుండవు, కొందరు రచయితలైతే పుస్తకం వేసేటప్పుడు కథే కాస్త మార్చేవాళ్ళు. వేటపాలెంలో సారస్వత నికేతనం లైబ్రరీ 1918లో పెట్టారు, పాత పత్రికల ఫైళ్ళు కావాలంటే జనం ఇప్పటికీ ఎక్కడెక్కడినించో అక్కడికి వెళ్తారు. వాళ్ళు దాచబట్టి కదా ఉన్నాయి! అంతెందుకు, మన పక్కనే, 1935లో, కొల్లూరు నుంచి పెదపులివర్రు దాకా కాలువ మీద పడవలో లైబ్రరీ నడిపారు పాతూరి నాగభూషణం గారు. పడవలో పుస్తకాలకి చోటు దొరికినప్పుడు ఇంత బిల్డింగులో దొరకదా?

ఇంకో సంగతి, మీరు కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు ఉంటుంది, రశీదు తీసి చూసుకోండి. అంటే ఇది మీరు డబ్బు కట్టిన లైబ్రరీ. ఊరికే అడగట్లేదు మనం.

నేనడిగేది ఒక్క బీరువా. దాని మీద "ఇంటి బైండ్లు" అని రాయించండి. ధర కాలమ్‌లో సున్నా పెట్టండి, పబ్లిషర్ కాలమ్‌లో ఆ కుట్టినావిడ పేరు రాయండి, నిండిపోతుంది కాలమ్. నావి ఈ సంచీలోనే ఉన్నాయి, ఇవాళే ఇచ్చి వెళ్తాను.

అమ్మా, మీరు కూడా. ఇంటికెళ్ళి అటక ఒకసారి చూడండి. మీ అత్తగారివో అమ్మగారివో ఉంటే తీసుకురండి, మొదటి పేజీలు పోయినా పర్లేదు, మధ్యలో రెండు వారాలు లేకపోయినా పర్లేదు. దయచేసి సెల్లోటేపు వెయ్యకండి, కొన్నాళ్ళకి పసుపు తేలి అక్షరాలతో సహా ఊడొస్తుంది. స్టేప్లర్ కొట్టకండి, తుప్పు పడుతుంది. ఎలా ఉందో అలాగే, పాత పంచెలో చుట్టి పట్రండి. వెనక పేజీల్లో సగం కథలు ఉంటాయి చూడండి, అవి అస్సలు కత్తిరించకండి.

రెండో బెల్లు కూడా కొట్టేశారు, పిల్లలకి వ్యాసరచన బహుమతులు ఇవ్వాలట, దిగిపోతున్నాను. బీరువా మాట మటుకు మినిట్స్‌లో రాయండి సార్.